మ్యాపు మీద తెలుగు: ఏ చోట ఏ భాష దొరుకుతుందో నమోదు చేయడం

ఫోనులో మ్యాపు తెరిస్తే ఫార్మసీ ఎక్కడుందో చెబుతుంది, ఎన్నింటికి మూస్తారో చెబుతుంది, కారు పెట్టుకోవడానికి చోటుందో లేదో కూడా చెబుతుంది. అక్కడికి వెళ్ళాక ఏ భాషలో మాట్లాడవచ్చో మాత్రం చాలావరకు చెప్పదు. బహ్రెయిన్ లాంటి దేశంలో ఇది చిన్న లోటేమీ కాదు. 2020 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా 15 లక్షలు. అందులో సగానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళే. మనామా సూక్‌లో పది నిమిషాలు నడిస్తే అరబ్బీ, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, మలయాళం, బెంగాలీ, తగలోగ్ అన్నీ చెవిన పడతాయి. తెలుగూ పడుతుంది. కానీ ఎక్కడ పడుతుందో తెలిసినవాళ్ళకే తెలుసు.

ఈ వివరం ఎవరికి కావాలి? ముగ్గురిని తలుచుకుంటే చాలు. మొన్ననే హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం, పిల్లలకు తెలుగు నేర్పే చోటు కోసం వెతుకుతోంది. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో వచ్చి కంపెనీ క్యాంపులో ఉంటున్న అన్న, తనకు కడుపులో ఎక్కడ, ఎలా నొప్పి వస్తోందో హిందీలో సరిగ్గా చెప్పలేడు. కూతురి పురిటికి వచ్చిన అమ్మమ్మ, ఆదివారం తెలుగులో ప్రార్థన ఎక్కడ జరుగుతుందో అడుగుతోంది. ఈ ముగ్గురికీ జవాబు ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఉంది. గ్రూపులో ఉన్నవాళ్ళకు అది చేరుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇంకా ఏ గ్రూపులోనూ ఉండరు కదా, అసలు అవసరం వాళ్ళదే.

మన బడిలో పదేళ్ళు దాటిన పిల్లల తరగతులకు ఈ పని చక్కగా పనికొస్తుంది. పటం, దిక్కులు, మర్యాదగా ప్రశ్న అడగడం, విన్నది రాసుకోవడం అన్నీ ఇందులోనే వస్తాయి. టీచరు ముందుగా తెలుసుకోవలసినవి, క్లాసులో చేయించవలసినవి కింద వరుసగా ఉన్నాయి.

ఏ మ్యాపు, ఎందుకు

ఈ పాఠానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడతాం. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ పటాన్ని ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళే కలిసి గీస్తున్నారు. వికీపీడియాకు వ్యాసాలు ఎలాగో దీనికి వీధులు, భవనాలు అలాగ. ఇందులోని సమాచారాన్ని మూలం పేరు చెప్పి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ లాంటి యాప్‌లు దీని మీదే నడుస్తాయి. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తాయి. డేటా రీచార్జి లెక్కపెట్టుకునేవాళ్ళకు అది పెద్ద ఊరట.

ఈ పటంలో ప్రతి చోటూ ఒక చుక్క, లేదా ఒక భవనం గీత. దానికి చిన్న చిన్న చీటీలు తగిలిస్తాం. వాటినే ట్యాగులు అంటారు. ఒక్కో ట్యాగులో రెండు భాగాలు: అంశం, విలువ. 'అమెనిటీ' అనే అంశానికి 'ఫార్మసీ' అనే విలువ ఇస్తే అది మందుల షాపు. భాషకూ ఇలాంటి ట్యాగు ఉంది. 'లాంగ్వేజ్' అనే మాట, దాని పక్కన ఖాళీ లేకుండా కోలన్, ఆ వెంటనే భాష గుర్తు, ఇది అంశం. దానికి విలువ 'యెస్'. ఇవన్నీ ఇంగ్లీషు చిన్న బడి అక్షరాల్లోనే టైపు చేయాలి. ఒక చోట మూడు భాషలు ఉంటే మూడు ట్యాగులు, ఒక్కో భాషకు ఒక్కో వరుస.

బ్రౌజరులో పనిచేసే ఐడి ఎడిటరులో చోటు రకం 'భాషా పాఠశాల' అని ఎంచుకుంటే భాషల గడి దానంతట అదే కనిపిస్తుంది. వేరే రకం చోట్లకు ఆ గడి కనిపించకపోతే కింద ఉన్న ట్యాగుల పట్టికలో మనమే రాయాలి.

గుర్తు రెండక్షరాలే, కానీ అవే కీలకం

భాషలకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న రెండక్షరాల గుర్తులు ఉన్నాయి. మనకు పనికొచ్చేవి ఇవి:

తెలుగు: టి, ఇ
తమిళం: టి, ఎ
కన్నడం: కె, ఎన్
మలయాళం: ఎం, ఎల్
హిందీ: హెచ్, ఐ
ఉర్దూ: యు, ఆర్
బెంగాలీ: బి, ఎన్
నేపాలీ: ఎన్, ఇ
అరబ్బీ: ఎ, ఆర్
తగలోగ్: టి, ఎల్

ఊహించి రాస్తే ఇక్కడే దెబ్బ తింటాం. 'తెలుగు'లో టి, ఎల్ ఉన్నాయి కదా అని అవి రాస్తే అది ఫిలిప్పీన్స్ వాళ్ళ తగలోగ్ అవుతుంది. బహ్రెయిన్‌లో ఆ భాషవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు కాబట్టి తప్పు రాసినా ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఇది మరీ ప్రమాదం. తెలంగాణ బండ్ల నెంబరు ప్లేటు మీద 2024 నుంచి కనిపిస్తున్న టి, జి భాషల జాబితాలో తజికిస్థాన్ వాళ్ళ తజిక్. అంతకుముందు ప్లేటు మీద ఉన్న టి, ఎస్ అయితే దక్షిణాఫ్రికాలో మాట్లాడే త్సోంగా భాష. పిల్లలకు ఈ ముచ్చట చెబితే గుర్తు ఇక మరిచిపోరు.

ఇంకో సంగతి. సీబీఎస్ఈ పరీక్షల్లో తెలుగుకు రెండు సబ్జెక్టు కోడ్లు ఉన్నాయి: ఆంధ్రప్రదేశ్ పుస్తకాలతో చదివేవారికి 007, తెలంగాణ పుస్తకాలతో చదివేవారికి 089. మ్యాపులో అలా లేదు. ఏ జిల్లా యాస అయినా తెలుగు ఒక్కటే, గుర్తూ ఒక్కటే.

పేరు వేరు, బోర్డు వేరు, భాష వేరు

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఈ మూడింటినీ కలిపేస్తారు. విడివిడిగా చూద్దాం.

మొదటిది పేరు. మనామా అనే ఊరిని తెలుగులో ఎలా రాస్తామో నమోదు చేయడానికి 'నేమ్', కోలన్, టి, ఇ అనే ట్యాగు ఉంది. దాని విలువ తెలుగు లిపిలోనే ఉంటుంది. ముహర్రఖ్, రిఫా, సిత్రా అని ఇలా రాయవచ్చు. ఊరి పేరు తెలుగులో రాసినంత మాత్రాన అక్కడ తెలుగు మాట్లాడతారని అర్థం కాదు. పేరు ట్యాగు చదివేవాడి కోసం, భాష ట్యాగు వెళ్ళేవాడి కోసం.

రెండోది బోర్డు. ఒక హోటలు తలుపు మీద 'ఆంధ్రా భోజనం' అని తెలుగులో రాసి ఉండవచ్చు. లోపల వడ్డించే అబ్బాయిది నేపాల్, వంటాయనది కేరళ అయి ఉండవచ్చు. గోంగూర పచ్చడి దొరుకుతుంది, తెలుగు దొరకదు. బోర్డు చూసి భాష ట్యాగు పెట్టకూడదు.

మూడోది, మనకు కావలసినది, ఆ చోట భాష నిజంగా అందుబాటులో ఉండడం. బడిలో అయితే నేర్పడం, గుడిలో చర్చిలో అయితే పూజ, ప్రార్థన లేదా ప్రసంగం ఆ భాషలో జరగడం, ఆసుపత్రిలో షాపులో అయితే ఆ భాషలో పని జరిగిపోవడం.

'యెస్' అనే ముందు

ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. 'తెలుగు తప్ప ఇంకో భాష రాని మనిషి, మామూలు పనివేళల్లో, ముందుగా ఎవరికీ ఫోను చేయకుండా అక్కడికి వెళితే పని జరుగుతుందా?' జరుగుతుంది అంటేనే 'యెస్'. ఈ పరీక్షను కొన్ని చోట్ల పెట్టి చూద్దాం.

పెద్ద స్కూళ్ళు. 1950లో మొదలైన ఇండియన్ స్కూల్ బహ్రెయిన్‌తో సహా ఇక్కడి సీబీఎస్ఈ స్కూళ్ళలో రెండో భాషగా ఏవేవి నేర్పుతారో ఆయా స్కూలు ఆఫీసులోనే అడగాలి. బోర్డు జాబితాలో తెలుగు ఉంది కాబట్టి ప్రతి సీబీఎస్ఈ స్కూల్లోనూ తెలుగు ఉంటుందనుకోవడం పొరపాటు. టీచరు ఉండాలి, ఎంచుకునే పిల్లలు ఉండాలి. మరొక మాట, ఈ ట్యాగు పాఠాలన్నీ ఆ భాషలోనే చెబుతారా, లేక ఒక సబ్జెక్టుగా నేర్పుతారా అన్నది విడమరిచి చెప్పదు. కాబట్టి 'వివరణ' ట్యాగులో ఒక వాక్యం చేరిస్తే చదివేవాళ్ళు మోసపోరు.

వారానికి ఒకసారి నడిచే మనలాంటి బడులు. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి ఇలాంటి తరగతులు ఎక్కువగా ఆ రోజుల్లోనే పెడతారు, అదీ వేరే సంస్థ హాల్లోనో గదుల్లోనో. అప్పుడు ఆ సంస్థ చుక్కకు తెలుగు ట్యాగు తగిలించకూడదు. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి అడిగితే అక్కడి గుమాస్తా తెల్లమొహం వేస్తాడు. మన బడికి ఆ భవనం లోపలే వేరే చుక్క పెట్టి, దానికి పేరు, పనివేళలు, భాష రాయాలి. పనివేళలు తప్పనిసరి. వేళ లేని భాష సగం అబద్ధం.

గుళ్ళు, చర్చిలు. మనామా సూక్‌లోని శ్రీనాథ్‌జీ గుడి సింధు ప్రాంతం నుంచి వచ్చిన తట్టాయి వర్తకులది, రెండు వందల ఏళ్ళు దాటినది. అక్కడికి తెలుగువాళ్ళూ వెళతారు. వెళ్ళినంత మాత్రాన అది తెలుగు అందుబాటులో ఉన్న చోటు కాదు. భక్తుల భాష వేరు, చోటు ఇచ్చే భాష వేరు. చర్చిల సంగతి ఇంకోలా ఉంటుంది. 1939లో పని మొదలైన సేక్రెడ్ హార్ట్ లాంటి పాత చర్చి మొదలు 2021లో అవాలీలో ప్రారంభమైన అవర్ లేడీ ఆఫ్ అరేబియా కెథడ్రల్ దాకా, ఇక్కడ ఒకే ఆవరణలో పలు భాషల వాళ్ళు వేర్వేరు గంటల్లో ప్రార్థన చేసుకోవడం మామూలే. అలాంటప్పుడు ఏ భాష ఏ రోజు ఎన్నింటికి అన్నది నోటీసు బోర్డు చూసి రాసుకోవాలి. నోటీసు బోర్డు మీద లేనిది మ్యాపులో పెట్టవద్దు.

క్లినిక్కులు. ఎక్కువ ఉపయోగమూ ఎక్కువ ప్రమాదమూ ఇక్కడే. ఒక క్లినిక్‌లో తెలుగు తెలిసిన డాక్టరుగారు ఒక్కరే ఉంటే, ఆయన సెలవు మీద విజయవాడ వెళ్ళిన రోజు ఆ క్లినిక్‌లో తెలుగు లేదు. ఉద్యోగం మారితే అసలే లేదు. గల్ఫులో మనుషులు రెండేళ్ళకూ మూడేళ్ళకూ మారిపోతుంటారు, వాళ్ళతో పాటు భాష కూడా సూట్‌కేసులో వెళ్ళిపోతుంది. జర్మనీలో డాక్టర్లను వెతికే అధికారిక జాబితాలో ఎవరు ఏ భాషలు మాట్లాడతారో చూసుకునే వీలుంది. అక్కడ భాష మనిషి పేరు పక్కన ఉంటుంది, మనిషి మారితే జాబితా మారుతుంది. మన మ్యాపులో భాష భవనానికి అంటుకుని ఉంటుంది. అందుకే క్లినిక్‌కు 'యెస్' పెట్టాలంటే రిసెప్షన్‌లో అడిగి, మాట్లాడేవాళ్ళు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారనో, 'తెలుగులో సేవ ఉంది' అని క్లినిక్ తనంతట తాను చెబుతోందనో తేలాలి. సిత్రాలో పనిచేసే మనిషి సగం రోజు జీతం వదులుకుని, టాక్సీ పెట్టుకుని మనామా దాకా వచ్చి, 'ఆయన మానేశారండీ' అనిపించుకుంటే ఆ నష్టం మన ట్యాగు చేసిందే.

సినిమా హాళ్ళు. పెద్ద హీరో సినిమా ఈ వారం తెలుగులో ఆడవచ్చు, వచ్చే వారం ఉండకపోవచ్చు. అది హాలు లక్షణం కాదు, ఆ వారం కార్యక్రమం. మ్యాపులో రాయము.

'లేదు' వేరు, 'తెలియదు' వేరు

ట్యాగు లేకపోతే అర్థం 'ఎవరూ ఇంకా చూడలేదు' అని. 'నో' అని రాస్తే అర్థం 'వెళ్ళి అడిగాం, లేదు' అని. పిల్లలు ఖాళీ గడి చూడగానే 'నో' రాసేయాలని చూస్తారు, అన్నీ నింపితే మార్కులు వస్తాయనే అలవాటు! ఖాళీ గడి కూడా నిజమైన జవాబేనని వాళ్ళకు చెప్పండి. 'యెస్' కూడా తొందరపడి పెట్టకూడదు. ఖాళీ ఉంటే మనిషి ఫోను చేసి కనుక్కుంటాడు, తప్పు 'యెస్' ఉంటే నమ్మి బయలుదేరతాడు.

పెట్టకూడనివి

ఇంట్లో ఒక ఆంటీ పదిమంది పిల్లలకు తెలుగు నేర్పుతుంటే అది మనందరికీ ఇష్టమైన పనే, కానీ అది ఆవిడ ఇల్లు. ఇళ్ళను ఇలా మ్యాపు మీదికి ఎక్కించకూడదు. ఎవరి పేరూ, ఎవరి సొంత ఫోను నెంబరూ రాయకూడదు. కంపెనీ క్యాంపుల్లో ఏ భాష వాళ్ళు ఎక్కువ ఉంటారో గుర్తించడం కూడా మన పని కాదు. మనం నమోదు చేసేది ఆ చోటు బయటివాళ్ళకు ఇచ్చే భాషను. లోపల ఉండేవాళ్ళు ఎవరన్నది మనకు అక్కర్లేదు. ఈ తేడా పిల్లలకు తప్పక చెప్పాలి. సేవను చూపించే మ్యాపు మనుషులకు సాయం చేస్తుంది, మనుషులను చూపించే మ్యాపు వాళ్ళను ఇబ్బందుల్లో పెట్టగలదు.

ఇంకో నియమం: గూగుల్ మ్యాప్స్ నుంచి గానీ మరో కంపెనీ జాబితా నుంచి గానీ చూసి ఎక్కించకూడదు. అది వాళ్ళ సొత్తు. మనం వెళ్ళి, చూసి, అడిగి తెలుసుకున్నదే రాయాలి.

మూడు వారాల పాఠం

మొదటి వారం, తరగతిలో. బడి చుట్టుపక్కల పటాన్ని ప్రింటు తీసి ఇవ్వండి. బహ్రెయిన్ చిరునామాలో భవనం నెంబరు, రోడ్డు నెంబరు, బ్లాకు నెంబరు ఉంటాయి. ప్రతి పిల్లా, పిల్లవాడూ తన ఇంటి బ్లాకు పటంలో ఎటువైపు ఉందో తెలుగులో చెప్పాలి: తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, కుడి, ఎడమ, మలుపు, సందు, ఎదురుగా, పక్కన, అవతల. ఎక్కువ మంది పిల్లలకు 'లెఫ్ట్, రైట్' తప్ప రావు. ఈ మాటలు నోటికి రావాలంటే దారి చెప్పించడం కంటే మంచి అభ్యాసం లేదు. చివరి పది నిమిషాల్లో భాషల గుర్తుల ఆట ఆడించండి.

రెండో వారం, బయట. అమ్మానాన్నలతో కలిసి వాళ్ళు మామూలుగా వెళ్ళే రెండు చోట్లకే వెళ్ళాలి. పిల్లలు ఒంటరిగా వెళ్ళకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ కూలీల కోసం నిబంధన ఉంది, మన పిల్లలకూ అదే వర్తింపజేద్దాం. అనుమతి లేకుండా ఫోటోలు తీయకూడదు. అడగవలసిన ప్రశ్నలు ఇవి:

'నమస్కారం అంకుల్, ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు ఉన్నారా?'
'రోజూ ఉంటారా, కొన్ని వేళల్లోనే ఉంటారా?'
'ఒక్కరేనా, ఇంకా ఎవరైనా ఉన్నారా?'
'ఈ వివరం అందరూ చూసే మ్యాపులో పెట్టవచ్చా అండీ?'

నాలుగో ప్రశ్న మానకూడదు. అవతలివాళ్ళకు తెలుగు రాకపోతే అదే ప్రశ్న ఇంగ్లీషులోనో హిందీలోనో అడగవచ్చు, జవాబు మాత్రం నోటుపుస్తకంలో తెలుగులో రాయాలి. చోటు పేరు, బ్లాకు, తేదీ, ఎవరిని అడిగారు (పేరు కాదు, 'రిసెప్షన్', 'యజమాని' అని), ఏం చెప్పారు, ఇలా అయిదు గడులు చాలు.

మూడో వారం, మళ్ళీ తరగతిలో. ఒక్కో చోటు గురించి పిల్లలు చదివి వినిపించాలి, మిగతావాళ్ళు పైన చెప్పిన పరీక్ష పెట్టాలి. 'యెస్', 'నో', 'ఖాళీ', ఏది పెట్టాలో వాదించుకోనివ్వండి. అసలు తెలుగు బయటికి వచ్చేది ఇక్కడే: 'ఎందుకంటే', 'కానీ', 'అయినా సరే', 'నాకలా అనిపించట్లేదు' అనే మాటలు పాఠ్యపుస్తకంతో రావు. తేలినవాటిని టీచరు తన ఖాతాలో నుంచి అందరి ఎదుటా ఎక్కించాలి. పిల్లల చేత ఖాతాలు తెరిపించవద్దు. మార్పు ఎక్కించేటప్పుడు అడిగే వ్యాఖ్యలో 'స్వయంగా వెళ్ళి అడిగిన సమాచారం' అని రాయండి. చెక్ డేట్ అనే ట్యాగులో తేదీ వేయండి.

ఎక్కించాక

అన్ని యాప్‌లూ ఈ భాష వివరాన్ని తెర మీద చూపించవు. ఓవర్‌పాస్ టర్బో అనే వెబ్‌సైటులో బహ్రెయిన్ వరకు పటం చూపి, తెలుగు ట్యాగున్న చోట్లన్నీ ఇమ్మంటే చుక్కలుగా చూపిస్తుంది. ఆ పటాన్ని ప్రింటు తీసి బడి గోడ మీద పెట్టండి, కొత్తగా చేరిన తల్లిదండ్రులకు ఒక కాపీ ఇవ్వండి. మ్యాపు వాడడం రానివాళ్ళకు ఆ కాగితమే మ్యాపు.

ఏడాదికి ఒకసారి, వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి నెలలో, పాత చుక్కలన్నీ మళ్ళీ అడిగి చూడాలి. తేదీ ఏడాది దాటిన చోట్లను పిల్లల జట్లకు పంచండి. ఉంటే తేదీ మార్చాలి, లేకపోతే ట్యాగు తీసేయాలి. తీసేయడం కూడా చేర్చినంత విలువైన పనేనని పిల్లలకు చెప్పండి.

భారతదేశంలో 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల పైమాటే. ఇక్కడికి వచ్చేసరికి మనం 'భారతీయులు' అనే ఒక్క గడిలో కలిసిపోతాం, అందులో తెలుగు ఎంతో ఆ గడి చెప్పదు. మ్యాపు మీద నాలుగు చుక్కలతో ఆ లెక్క తేలదు, తేల్చడం మన ఉద్దేశమూ కాదు. అయితే తెలుగు ఇంట్లో అమ్మతో మాట్లాడుకునే భాష మాత్రమేనని అనుకునే పిల్లలు, దానితో మందులు కొనవచ్చు, ప్రార్థన చేయవచ్చు, దారి అడగవచ్చు అని తమ ఊరి పటంలోనే చూస్తారు. ఆ చుక్కల్లో ఒకటి తాము వెళ్ళి అడిగి పెట్టినదైతే, ఈ బ్లాకులో తెలుగు ఎక్కడుందని ఎవరైనా అడిగినప్పుడు వాళ్ళే దారి చెబుతారు. ఆ దారి తెలుగులో చెప్పమనండి.